దశరథం చేతి ఆలుగడ్డ సూపు

శోభకు కోపం వస్తే గిన్నెలు మోగుతాయని కోరుట్లలో ఆ వాడకంతా తెలుసు. ఆ సాయంత్రం మాత్రం ఒక్క గిన్నె కూడా మోగలేదు. భయపడాల్సింది అప్పుడే. మొగుడు దశరథానికి ఆ సంగతి తెలిస్తే కదా, సంసారం అంతా ఫోన్లో చేసిన మనిషికి!

జ్వరం తగ్గి వారమైనా శోభకు కీళ్ళ నొప్పులు వదల్లేదు. బీడీలు చుట్టే వేళ్ళు కొయ్యబారిపోయాయి. ఆకు కత్తిరించబోతే కత్తెర జారిపోతోంది. బీడీల చేట మూలకు చేరింది గానీ పొయ్యి మాత్రం మూలకు చేరలేదు. పొద్దున చాయ్, మధ్యాహ్నం అన్నం, చీకటి పడేసరికి మొగుడికి జొన్నరొట్టెలు. పిండి పిసుకుతుంటే మణికట్టులో సూదులు దిగేవి. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన దశరథం కుర్చీలో కూర్చుని, ఫోన్ మీది నుంచి తల ఎత్తకుండానే "పైలం, చెయ్యి కాలుతది" అనేవాడు. ఆయన చేసిన సాయం అదొక్కటే. మంచినీళ్ళు కావాలన్నా కేకే.

శోభ తప్పు పట్టలేదు. సెలవు మీద వచ్చిన మగవాడు చుట్టంతో సమానం, చుట్టాన్ని పొయ్యి దగ్గరికి ఎవరు పంపుతారు? ఆయనకు వంట రాదనే ఆమె నమ్మకం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఈ ఇంట్లో చాయ్ కూడా పెట్టలేదు మరి.

ఆ నమ్మకానికి నిప్పు పెట్టినవాడు పరశురాములు. వెల్గటూరు మనిషి, కువైట్‌లో దశరథం రూములోనే ఉంటాడు. అతనూ సెలవు మీదే ఉన్నాడు. జగిత్యాలలో పని చూసుకుని, అన్నను పలకరించి పోదామని కోరుట్ల బస్సెక్కాడు. శోభ గోడ పట్టుకుని చాయ్ తెచ్చి ఇవ్వడం చూసి గబుక్కున లేచి కప్పు అందుకున్నాడు.

"అయ్యో వదినె, గిట్ల గోడ వట్టుకొని నడుత్తన్నవేంది?"

"జ్వరమచ్చింది తమ్మీ. కీళ్లు వట్టుకున్నయ్."

"మరి అన్న సూప్ చేసి వోత్తలేడా?"

"ఏం సూపు?"

దశరథం దగ్గాడు. పరశురాములు అమాయకుడు, దగ్గును దగ్గే అనుకున్నాడు.

"ఆలుగడ్డ సూప్ వదినె! పోయిన సలికాలం నాకు గిట్లనే జ్వరమచ్చి మంచంల వడ్డ. అన్న డ్యూటీకెల్లి అచ్చి, బట్టలు గూడ మార్సకుంట సూప్ చేసి, చెంచతోని నోట్ల వోసిండు. మా అవ్వ గూడ నన్ను గట్ల సూసుకోలే. మా రూంల ఎవలకు పానం బాగలేకున్నా గదే మందు. పక్క రూమోళ్లు గూడ గిన్నెలు వట్టుకొని అత్తరు."

"ఊకోరా, చాయ్ సల్లారుతది" అన్నాడు దశరథం.

శోభ ఖాళీ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది. అరికాలి మంట నెత్తికెక్కింది. చెంచాతో నోట్లో పోశాడట. పక్క రూము వాళ్ళకు కూడానట. ఇక్కడ తాను మూలుగుతూ రొట్టె కొడుతుంటే 'పైలం' అన్నాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అన్నారా?

ఈ గల్ఫ్ రూముల కథ ఎవరికి తెలియదు! ఆడతోడు లేని చోట పదిమంది మగవాళ్ళు. వంతులు వేసుకుని వండుతారు, గిన్నెలు తోముతారు, కూరలో ఉప్పు తగ్గితే పోట్లాడుకుంటారు. హైదరాబాద్‌లో విమానం దిగేసరికి మాత్రం అందరికీ చేతులు పడిపోతాయి. ఇంటికొచ్చి కూర్చుంటే నీళ్ళ గ్లాసు కూడా మనిషి తెచ్చివ్వాలి. వండుకుని తింటున్నామని ఊళ్ళో తెలిస్తే మీసం రాలిపోతుందని భయం. ఒకడి గుట్టు ఇంకొకడు కాపాడతాడు. పరశురాములుకే ఆ కట్టుబాటు అంతగా ఒంటబట్టలేదు, వాడి పుణ్యం.

అతను వెళ్ళిపోయాడు. అత్త దుర్గవ్వ రోజూలాగే భజనకు పోయి ఉంది. శోభ వంటింటి గడప మీద కూర్చుంది. పిండి తీయలేదు, పొయ్యి ముట్టించలేదు. కాసేపటికి దశరథానికి ఆకలి వేసింది.

"ఇయ్యాల రొట్టెలు జేత్తలేవా?"

"లేదు. నువ్వు సూపు చెయ్యి."

"అది రూంల ముచ్చట. ఈడెట్లయితది?"

"ఏం, కోరుట్లల ఆలుగడ్డలు దొరుకుతలేవా?"

"గది గాదే. అవ్వ సూత్తె ఏమంటదో. వాడకట్టోళ్లు నవ్వుతరు."

"నేను కిందవడుకుంట లేసుకుంట వండుతాంటె ఎవలన్న నవ్విండ్రా? నీకు నవ్వచ్చిందా?" అంది శోభ. "గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు నువ్వు ఇంట్లనే ఉన్నవ్. కుట్లు మానకముందే లేసి నీకు పప్పు చేసిన. గప్పుడు గూడ నీకు గీ సూపు అచ్చు. ఔనా, కాదా?"

దశరథం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"పరశురాములుకు వోసినవ్. నాకు పొయ్యి. పొయ్యకుంటే నువ్వు విమానమెక్కేదాక నా చేతి ముద్ద నీకు లేదు. ఎక్కినంక ఫోన్ గూడ ఎత్త."

సూపు మీద యావ ఉండి అడగలేదామె. తాను ఆయనకు ఏమవుతుంది? రూములో పక్క మంచం మనిషి పాటి చెయ్యదా? అదొక్కటీ ఆమెకు తేలాలి. తేలకపోతే ఇన్నేళ్ళు కాపురం చేసింది ఎవరితోనో కూడా తెలియదు.

దశరథం లేచాడు. ముందు వెళ్ళి వాకిలి తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత వంటింటి కిటికీ మూశాడు. దొంగతనానికి పోయేవాడికైనా అంత జాగ్రత్త ఉండదు. శోభకు మళ్ళీ ఒళ్ళు మండింది, కానీ చూద్దామని పళ్ళు బిగపట్టి కూర్చుంది.

ఉప్పు ఎక్కడుందని అడిగాడు. సొంత ఇంట్లో ఉప్పు డబ్బా తెలియని మనిషి, కత్తి పట్టుకోగానే మారిపోయాడు. ఆలుగడ్డ తొక్క సన్నగా, తెగకుండా ఊడి వచ్చింది. ఉల్లిగడ్డ తరుగుతుంటే కత్తి వైపు చూడను కూడా లేదు. వెన్నలో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ మెత్తబడేదాకా సన్నమంట మీద ఓపిగ్గా తిప్పాడు. ఉడికిన ముక్కలను పప్పుగుత్తితో మెదిపి, కొన్నింటిని మాత్రం పంటి కింద తగలాలని వదిలేశాడు. పాలు ఒక్కసారిగా గుమ్మరించకుండా కొద్దికొద్దిగా పోస్తూ కలిపాడు. మిరియాలు దంచి చల్లాడు. ఒక్కో పని ఎంత నేర్పుగా చేస్తుంటే శోభకు అంత మండిపోయింది. చేతకాక చేయలేదంటే క్షమించేది. ఇంత చేతనైనవాడా!

గిన్నెలో పోసి, ఊది మరీ ఇచ్చాడు.

శోభ ఒక చెంచా తాగింది. చిక్కగా, వెచ్చగా, గొంతు దిగుతుంటేనే ఒంటికి ఓదార్పుగా ఉంది. ఇంకో చెంచా తాగింది. కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఇంత బాగుంటుందని ఆమె అనుకోలేదు. ఇన్ని జ్వరాలలో, ఇన్ని నొప్పులలో ఇది తనకు దక్కాల్సింది, దక్కలేదు.

"ఎట్లున్నది?" అన్నాడు మెల్లగా.

"మంచిగున్నది. అందుకే కోపమత్తంది" అంది.

అప్పుడే వాకిలి తలుపు తోసుకుని దుర్గవ్వ వచ్చింది. ముక్కుపుటాలు ఎగరేసి నేరుగా వంటింట్లోకి నడిచింది. పళ్ళు సరిగా లేని ముసలామె, మెత్తనిది కనబడితే ఆగదు. గిన్నెలో కాస్త పోసుకుని, కింద కూర్చుని తాగింది. మళ్ళీ పోసుకుంది.

"ఎవలు జేసిండ్రు గిది?"

"శోభనే" అన్నాడు దశరథం. తడబడలేదు కూడా.

"ఇన్నొద్దులకు నీ చేతికి రుచి అచ్చింది పిల్లా" అంది దుర్గవ్వ. కోడలి వంటను ఆమె మెచ్చుకోవడం అదే మొదలు.

శోభ ఒళ్ళు భగ్గుమంది. పెళ్ళానికి చేసి పెట్టాడు సరే, చేశానని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. గోడ పట్టుకోకుండానే లేచి నిలబడింది.

"నేను గాదత్తమ్మా. నీ కొడుకు జేసిండు. కువైట్‌ల రూమోళ్లందరికీ చేసి పెడుతడట. నువ్వు సూత్తె తిడుతవని తలుపులేసుకొని చేసిండు. తిట్టు మరి."

కన్నతల్లి చేత నాలుగు మాటలు పడితే తన మంట కొంతైనా చల్లారుతుందని చూసింది. దుర్గవ్వ తిట్టలేదు. చేతిలోని గిన్నెలోకి చూసింది, కొడుకు ముఖంలోకి చూసింది.

"మీ అయ్యకు గొంతుల గడ్డ లేసి ఆఖరుకచ్చినప్పుడు నువ్వు ఈన్నే ఉన్నవు గదరా" అంది. "ముద్ద దిగకపాయె. గంజి వోత్తె కక్కవట్టె. మెత్తగ దిగేది ఏమన్న చెప్పుండ్రమ్మా అని నేను ఇల్లిల్లు తిరిగి అడిగిన. నువ్వు మంచం పక్కన కుర్చేసుకొని కూసున్నవ్. గప్పుడు నీకు గిది చేసుడు అత్తుండెనా?"

దశరథం పొయ్యి వైపు తిరిగి గరిటె సర్దాడు.

"అడుగుతన్న. అత్తుండెనా?"

"అత్తుండె అవ్వా."

"మరి?"

"నువ్వు ఏమంటవోనని..."

"నేనేమంటుంటిరా?" అంది దుర్గవ్వ. "మీ అయ్యకు జర పొయ్యి కొడుకా అంటుంటి."

శోభ దగ్గర ఇంకా చాలా మాటలున్నాయి. ఇప్పుడవన్నీ చిన్నవైపోయాయి. ఇంతసేపూ తనొక్కతే ఆయనకు ఏమీ కానని కుమిలింది. ఈ మనిషి చచ్చిపోతున్న తండ్రికే పోయలేదు. దశరథం దగ్గరికొచ్చి తల్లి చేతిలోని గిన్నె అందుకోబోయాడు.

"ముట్టకు" అంది దుర్గవ్వ.

శోభ వెళ్ళి అత్త పక్కన కూర్చుంది.