పెళ్లిళ్లకు పనికొచ్చే పెట్టె

పెళ్లికూతురి ముసుగు తీసే పాట మొదలైందంటే హాల్లో చెంచా చప్పుడు కూడా వినపడకూడదు. ఆ రోజు రెండు తీగల దోంబ్రా మీటుతూ గాయకుడు అత్తవారి తరఫు పెద్దల్ని పేరుపేరునా పిలుస్తున్నాడు, కొత్తకోడలు ఒక్కొక్కరికీ వంగి దండం పెడుతోంది. సరిగ్గా అప్పుడే గిటారు వాయించే మర్లెన్ వెనకాల ఉన్న ఆంప్లిఫయర్ పెట్టె గుర్రుమంది. మర్లెన్ మడమతో దాన్నొక తన్ను తన్నాడు. అది ఇంకా గట్టిగా మూలిగింది. ముందు వరసలో ఒక ముసలామె ఎవరికో కడుపులో బాగాలేదనుకుని పక్కవాళ్ల మొహాలు చూసింది.

మైకు పట్టుకుని నవ్విస్తూ పెళ్లి నడిపించే అసబా ఖైరొల్లా అప్పటికేమీ అనలేదు. మర్నాడు ఫోన్ చేశాడు.

"అన్నా, మీరంటే గౌరవం కాబట్టి చెప్తున్నా. శనివారం పెళ్లికి మంచి పెట్టెతో రండి. లేదంటే ఇంటిపట్టున ఉండి నడుం వాల్చుకోండి. మీ బదులు వాయించమని మీ మేనల్లుడు ఎర్సాయిన్‌కి ఒక మాట చెప్పి ఉంచాను."

గౌరవంతో మొదలయ్యే మాట ఎక్కడికి పోయి ఆగుతుందో మర్లెన్‌కి తెలియంది కాదు. పాతికేళ్లుగా తరాజ్ ఊళ్లో పెళ్లిళ్లకు గిటారు వాయించి బతుకుతున్నాడు. ఇంకో పని చేతకాదు. నేర్చుకునే ఓపిక అంతకన్నా లేదు.

పెళ్లికి వాయించేవాడి పెట్టె ఒక్కటే అయినా దానికి నాలుగు గొంతులుండాలి. ముసలివాళ్ల పాటకి దోంబ్రాలా పొడిగా పలకాలి. పిన్నమ్మలు జంటలుగా ఆడే వాల్ట్జ్‌కి లేస్తే నీళ్లలో దీపంలా వణకాలి. సోవియట్ రోజుల్లో కుర్రాళ్లుగా ఉన్నవాళ్లకి డిస్కో కావాలి. చివర్లో పెళ్లికొడుకు స్నేహితులు వోడ్కా పట్టించి వస్తారు, వాళ్లకి రేకు చింపినట్టుండాలి. ఇవన్నీ చేసే పెట్టె ఒంటిచేత్తో లేవాలి, ఎందుకంటే మర్లెన్ నడుము పాత పెట్టె మొయ్యనని ఎప్పుడో చెప్పేసింది. పైగా అది భార్య బతిమా వాషింగ్ మెషీన్ కోసం దాచిన డబ్బులోనే రావాలి. "నీ తిండి అందులోంచే వస్తోంది కాబట్టి ఇస్తున్నా," అని ఆ డబ్బు బల్లమీద పడేసింది ఆవిడ.

ఇంకో సంగతి మర్లెన్ ఎవరికీ చెప్పలేదు. ఏళ్ల తరబడి డ్రమ్ముల తాళాల పక్కన నిలబడి నిలబడి అతని చెవులకి సన్నటి స్వరాలు అందడం మానేశాయి. పొయ్యిమీద కెటిల్ ఈల వేసినా కదలడు. బద్ధకం అనుకుంటుంది బతిమా. అందుకని దుకాణానికి ఇంకొకరి చెవులు తీసుకెళ్లాలి. నమ్మదగ్గ చెవులు ఊళ్లో ఒక్కడికే ఉన్నాయి. ఖైరొల్లా మాట చెప్పి ఉంచింది వాడికే.

వాడితో ఇంకో చిక్కుంది. వాళ్ల ఆచారం ప్రకారం మేనల్లుడు మేనమామని జీవితంలో మూడుసార్లు ఏది కావాలంటే అది అడగొచ్చు, మామ కాదనకూడదు. కాదన్నవాడి చేతులు వణుకుతాయంటారు. గిటారు వాయించేవాడికి ఈ మాట ఊరికే కొట్టిపారేసేది కాదు. ఎర్సాయిన్ చిన్నప్పుడు సైకిలు అడిగాడు. మీసాలొచ్చే వయసులో మర్లెన్ ప్రాణంగా చూసుకునే ఎర్ర గిటారు అడిగాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, పొట్ట కూడా వచ్చింది, మూడోది మాత్రం ఇంకా జేబులోనే ఉంచుకున్నాడు.

"కొత్త వస్తువు కొనడానికి వాణ్ణి వెంట తీసుకెళ్తున్నావా?" అంది బతిమా. "కొన్నదాన్ని అటునుంచటే వాళ్లింట్లో దింపెయ్యమను, టాక్సీ కలిసొస్తుంది."

హెగాయ్ వాద్యాల దుకాణం మార్కెట్ వెనక నేలమాళిగలో ఉంటుంది. పోల్చి చూడటానికని పాత పెట్టె కూడా మోసుకెళ్లారు, అంటే ఎర్సాయిన్ మోశాడు. హెగాయ్ మూడు చూపించాడు. మొదటిది పాతదానిలాగే గాజుబుడ్ల వాల్వులది. తేనెలా పలికింది, కానీ ఒకటే గొంతు, బరువు చూస్తే పాతదానికి అన్న. రెండోది నల్లగా, మొహాన ఏ కళా లేకుండా ఉంది. మూడోదానికి బుల్లి తెర, రంగురంగుల దీపాలు, ఒక మర తిప్పితే వంద గొంతులు.

ఎర్సాయిన్ మామని దుకాణం చివర డ్రమ్ముల దగ్గర దూరంగా నిలబెట్టి వాయించాడు. ఆ తర్వాత హెగాయ్‌ని ఒక పెళ్లిపాట గట్టిగా పెట్టమన్నాడు. దీపాల పెట్టె అంతవరకూ చూపిన వంద సోకులూ ఆ పాటలో పడి కనపడకుండా పోయాయి. నల్లది మాత్రం గుంపులో తెలిసినవాడి గొంతులా విడిగా వినిపించింది. పొడిగా పలికింది, వణికింది, రేకూ చింపింది. మర్లెన్ వాయించినప్పుడల్లా సన్న స్వరాలు పెంచే ట్రెబుల్ మర చివరిదాకా తిప్పాడు. ఎర్సాయిన్ ప్రతిసారీ దాన్ని వెనక్కి తెచ్చాడు.

"నల్లది తీసుకో మామయ్యా. నేనైతే అదే కొంటాను."

ఆ చివరి మాట మర్లెన్‌కి గుచ్చుకుంది. నేనైతే అదే కొంటానన్నవాడు మూడోసారికి అదే అడుగుతాడు. మంచి పెట్టె వాడి చేతికి, దాంతోపాటు శనివారం పెళ్లి కూడా. నాసిరకంది ఎవడడుగుతాడు?

"దీపాలదే ఇవ్వు," అన్నాడు హెగాయ్‌తో.

"మామయ్యా, అది పిల్లల బొమ్మ."

"పెళ్లిళ్లలో కావలసింది బొమ్మలే."

ఎర్సాయిన్ కొత్త పెట్టె ఎత్తుకుని టాక్సీ కోసం బయటికి వెళ్లాడు. ఆ సందులో హెగాయ్ పాత పెట్టెని బోర్లించి చూసి, వాల్వులు పనికొస్తాయి, బదులుగా ఒక కవరూ ఒక వైరూ ఇస్తానన్నాడు. మర్లెన్ వెంటనే తలూపాడు. దాన్ని మళ్లీ ఆ మెట్లెక్కించే తలనొప్పి తప్పింది.

టాక్సీ దొరకలేదు. మార్కెట్ మూల మాంసం కూరిన సంసాలు కాల్చేవాడి దగ్గర టీకి కూర్చున్నారు. అట్టపెట్టె ఇద్దరి మధ్యా పెట్టారు.

"మామయ్యా, మూడోది కూడా అడిగేస్తాను," అన్నాడు ఎర్సాయిన్ సంసా ఊదుకుంటూ. "ఇంకా ఆలస్యం చేస్తే నా పిల్లలే నవ్వుతారు."

మర్లెన్ చెయ్యి దానంతటదే అట్టపెట్టె మీదికి పోయింది.

"ఆ పాత పెట్టె నాకివ్వు."

"అది గుర్రుమంటుందిరా."

"అననీ. అమ్మ డ్యూటీకి పోతే నన్ను పెళ్లిళ్లకి తీసుకెళ్లి దాని వెనకాలే కదా పడుకోబెట్టేవాడివి. ఎంత వెచ్చగా ఉండేదో. వాయించను లే, ఇంట్లో పెట్టుకుంటా."

మర్లెన్ టీ గిన్నె కింద పెట్టాడు. చేతిలో ఉంచుకుంటే వణుకుతుందేమోనని భయమేసింది. రేపు తెచ్చిస్తానని అబద్ధం చెప్పొచ్చు. కానీ అబద్ధమాడి మళ్లీ దాన్ని గుర్తుపెట్టుకోవాలంటే విసుగు.

"హెగాయ్‌కి ఇచ్చేశాను," అన్నాడు. "నడు, తెచ్చుకుందాం."

వెళ్లేసరికి హెగాయ్ వెనకచెక్క ఊడదీసి, వాల్వుల్ని న్యూస్‌పేపరు మీద పరిచి ఉన్నాడు. టీ తాగొచ్చేలోపు మనసు మారిపోయే మనుషులతో వ్యాపారం చెయ్యలేనని గొణిగాడు. గొణుగుతూనే వాటిని మళ్లీ బిగించాడు.

"ఈ దీపాలది కూడా తీసేసుకో," అన్నాడు మర్లెన్. "సీలు కూడా ఊడలేదు. ఆ నల్లది ఇవ్వు."

"ఇంతకుముందు వద్దన్నది అదేగా?"

"ఇంతకుముందు వీడు అడగాల్సింది ఇంకొకటి మిగిలుంది."

హెగాయ్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. ఎర్సాయిన్ నవ్వలేదు. పాత పెట్టెని భుజాన వేసుకుని, "నన్ను అలా అనుకున్నావన్నమాట," అని ముందు నడిచాడు. మర్లెన్ నల్లదాన్ని ఎత్తుకుని వెనకాలే మెట్లెక్కాడు.

శనివారం వాడు రాడేమో అనుకున్నాడు. అతిథులు రాకముందే వచ్చాడు. హాలు చివరిదాకా నడిచి విని, వెనక్కి వచ్చి మరలు సరిచేసి, ట్రెబుల్ మర పక్కన చిన్న ప్లాస్టర్ ముక్క అంటించాడు.

"దీన్ని దాటి తిప్పకు."

"ఏం?"

"నీకు వినపడదు కాబట్టి."

మర్లెన్ ఆ ముక్కని వేలితో తడిమాడు. "ఎప్పటినుంచి తెలుసు?"

"నీకంటే ముందునుంచి."

"ఖైరొల్లాతో ఏం చెప్పావు?"

"మా మామకి మంచి పెట్టె వచ్చింది, నాతో ఏం పని అన్నాను."

ముసుగు తీసే పాటలో పెట్టె కిక్కురుమనలేదు. అసలు పనిచేస్తోందా అని మర్లెన్ వంగి ఎర్రదీపం చూసుకున్నాడు. తర్వాత వాల్ట్జ్ మొదలైంది. పిన్నమ్మలు కుర్చీలు వెనక్కి నెట్టి లేచారు. అతనికి మాత్రం దుప్పటి కింద వాయిస్తున్నట్టు మొద్దుగా వినిపించింది. చెయ్యి ట్రెబుల్ మర దాకా పోయింది. వేళ్లకి ప్లాస్టర్ తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఖైరొల్లా మైకు పక్కకి పెట్టి దగ్గరికొచ్చాడు. "అదిరింది అన్నా. వచ్చే శనివారం కూడా ఖాళీయేగా?"

"ఖాళీయే," అన్నాడు మర్లెన్, అదిరిందో లేదో తెలియకుండానే.