పేరయ్య పంతులుగారి చీనాకాసులు

శరత్కాలాగమనమున గౌతమీముఖజలములు పంకిలత్వమును వీడి ప్రసన్నములై రంగూను ప్రయాణమునకు సన్నద్ధములగుచున్న ఓడల తెరచాపలు ప్రభాతసమీరమునకు రాజహంసపక్షములవలె విచ్చుకొనుచుండ, కోరంగి తీరమున తారుగంధమును ఎండుచేపల గంధమును ఒండొంటితో కలహించుచుండ, రేవుకచేరీనుండి విశ్రాంతి గైకొనిన గుళ్ళపల్లి పేరయ్య పంతులు తన మేడసావడిలో కన్నీరొక్కటే తక్కువగా కూర్చుండియుండెను.

ఆయన యెదుట పట్టుబట్టపై నడుమ చదరపు తూటుగల ప్రాచీన చీనాకాసులు రెండువందల పదునొకండు తారాగణమువలె అమరియుండెను. మఱునాటి యుదయమున నీలాద్రిపేట జమీందారుగారు చెన్నపట్టణపు నాణెపరీక్షకునితో విచ్చేసి వానిని దర్శింతురనియు, పంతులుగారి నేర్పు రుజువైనచో తాము నెలకొల్పనున్న వింతశాలకు ఆయననే అధిపతిగా నియమింతురనియు కబురు వచ్చియుండెను. పదిపండ్రెండేండ్లుగా తన్ను చిల్లికాసుల పిచ్చివాడని పిలుచుచున్న ధర్మపత్నికి ప్రత్యుత్తరముగా ఆ పదవి ఆయనకు ప్రాణతుల్యమై యుండెను.

కొంతసేపటి క్రితము తుదిసారి పరికించుచుండగా ఒక కాసు ఆయన గుండెలో ఱాయి వేసియుండెను. తక్కినవన్నియు పూర్ణచంద్రబింబములు, ఇది సరిగా ఒత్తని అప్పడము. తూటు ప్రక్కకు జరిగెను. నాలుగక్షరములలో నొకటి సగము కరగెను. అంచున ఆకురాయి గీతలు అడ్డదిడ్డముగా నుండెను. ఈ కూటనాణెమువలన తక్కినవానికిని మాట వచ్చునని భీతిల్లి పంతులు కంచరి బ్రహ్మలింగాచారిని పిలిపించెను. కాసులన్నియు సమకూర్చినవాడు ఆతడే. ఓడవారు కరగించుటకు తెచ్చు పాత ఇత్తడిలో అవి దొరకుననియు, కొలిమిపాలు గానీయక పంతులుగారికై కాపాడుచున్నాననియు ఆతడు చెప్పుచుండును.

"ఓయీ ఆచారీ, పదునాలుగేండ్ల చెలిమిని మంట గలిపితివి. ఈ పాడుకాసును నీవే పోసి నాకంటగట్టితివి గదా."

ఆచారి దానిని త్రిప్పి చూచెను. ఆతని మొగము కొలిమివలె ఎఱ్ఱబాఱెను. దొంగయనిన సహించును, బొంకితివనిన నవ్వును గాని చేతగానివాడనిన ఆతడు బ్రహ్మదేవునైన క్షమింపడు.

"చూడండి పంతులుగారూ, నన్నేవన్నా అనండి, పడతాను. ఈ చెత్తపోత నా చేతిదంటే మాత్రం మా తాతలు ఒప్పుకోరండి. నేను పోస్తే తూటు ఇలా పక్కకెళ్లిపోద్దా? అదిగో, ఆ మూడో వరసలోది చూడండి. అదండీ నా పనంటే."

పంతులు ఆ వరుసపైకి వంగి చూచెను.

"మూడవ వరుసలోనిది ఎవరి పనియంటివి?"

ఆచారి నాలుక కఱచుకొనెను. కాని పల్లమునకు దొర్లిన బండి నడుమ నిలుచునా?

"అదొక్కటేంటండీ. ఈ వంకరది తప్ప అన్నీ నావేనండి, ఆయ్."

పిమ్మట చింతపండు పులుసులోను ఉప్పులోను కాసులను నాన్చిన విధమును, పెంటకుప్పలో ఆఱుమాసములు పాతిపెట్టి వానికి వేయేండ్ల వయస్సు వచ్చునట్లు చేసిన రీతిని ఆతడు శిష్యునకు పాఠము చెప్పు ధోరణిలో వివరించెను. వంకరకాసు నిక్కముగా నొక ఓడవాని పాత ఇత్తడిలోనిదట. పొరపాటున సంచిలో కలసినదట. తలుపు వెనుకనుండి పంతులుగారి భార్య నవ్వు వినవచ్చెను.

దాచుటయా చెప్పుటయా యని సాయంకాలమువఱకు కొట్టుమిట్టాడి, ఆ నవ్వు ఊరెల్ల ప్రాకకమునుపే తానే చెప్పుట మేలని పంతులు నిశ్చయించెను. మఱునాడు వంకరకాసును వేఱుగా నుంచి జరిగినదంతయు విన్నవించెను. పరీక్షకుడు భూతద్దము కంట జేర్చి నవ్వి, వంకరదొక్కటే అసలుదనియు, లక్షలకొలది కాసులు పోసిన టంకశాలవారికి ఒక్కొక్కదానిని సింగారించు తీరిక యుండదనియు పలికెను. జమీందారు కడుపుబ్బ నవ్వి, రెండువందల పదిమార్లు మోసపోయినవానిని మఱల మోసగింప నెవ్వరితరమని పంతులునే అధిపతిగా నియమించెను.

దొంగలభయమున ఆ నిక్కపుకాసునకు నకలొకటి చేసి వింతశాలలో నుంచుడని బ్రహ్మలింగాచారికి ఆజ్ఞయయ్యెను. మూడు మాసములు గడచెను. తూటును ప్రక్కకు జరుపగా అది వయ్యారముగా జరిగెను. అక్షరమును కరగింపగా అది మంచుబిందువువలె కరగెను. పదునేడు కాసులు పోసి, పదునేడును మఱల మూసలో వేసి, తుదకు ఆతడు చేతులు కట్టుకొని ఆ కురూపి కాసు యెదుట గురువుముందఱ బోలె నిలుచుండెను. కల్ల సింగారించుకొనక నిలువజాలదు. నిజమునకు అద్దమే అక్కఱలేదు.