బ్యాటరీకి రాసేది, పెదాలకి రాసేది

ఠేకేదారుల్లారా, ఫ్యాక్టరీ మేనేజర్లారా, మిమ్మల్నే. లారీ బ్యాటరీకి పూసే జెల్లీని చిన్న డబ్బాల్లోకి ఎక్కించి, మూత మీద గులాబీ బొమ్మ అంటించి, మా ఆడవాళ్లని పెదాలకి రాసుకోమని ఇచ్చింది మీరు. మీ చిమ్నీలోంచి రాలే నల్లపొడి చాలదన్నట్టు, ఆ పొడి మూతి మీద అతుక్కుని కూర్చోవడానికి జిగురు కూడా మీరే సరఫరా చేశారు. తెలియక చేశామని చెప్పకండి. అంత మంచి క్రీమయితే మీ ఇంటికి ఒక్క డబ్బా అయినా ఎందుకు పట్టుకెళ్లలేదో ముందు అది చెప్పండి.

చెప్పరు. అందుకని చిన్నారావు సంగతి వినండి.

చిన్నారావు రాయపూర్ శివారు టాటీబంధ్‌లో లారీల ఎలక్ట్రీషియన్. తాత రైలు పనికని విజయనగరం నుంచి వచ్చి రాయపూర్‌లో ఆగిపోయాడు. మనవడి దాకా వచ్చేసరికి రైలు ఉద్యోగం లేదు, హైవే మీద లారీలున్నాయి. ప్రేమ్‌చంద్ సేఠ్ స్పేర్ పార్టుల దుకాణం ముందు, రేకు నీడన ఒక మూల అతనిది. ఆ మూలకి అద్దె లేదు. సామానంతా సేఠ్ దగ్గరే కొనాలి, సేఠ్ మాటకి అడ్డు చెప్పకూడదు, అంతే. ఆ మూల లేకపోతే చిన్నారావు పానాల సంచి పట్టుకుని రోడ్డు మీద తిరిగే మనిషి.

లారీ బ్యాటరీ బుడిపెల మీద తెల్లగా, పచ్చగా చిలుము పేరుకుంటుంది. దాన్ని గీకేసి, తీగ బిగించి, పైన పెట్రోలియం జెల్లీ ఒక పూత పూస్తే మళ్లీ చాన్నాళ్ల దాకా పట్టదు. సేఠ్ కొట్లో ఆ జెల్లీ డ్రమ్ముల్లో ఉంటుంది. మురికి పసుపు రంగు, కిరసనాయిలు వాసన. మందుల షాపులో దొరికే శుభ్రమైన జెల్లీ వేరు, దాని మీద ఎవరికీ పగ లేదు. ఇది ఆ శుద్ధి ఎరగని సరుకు. చిన్నారావు అందులోంచి కాస్త పాత డబ్బాలోకి తీసుకుని జేబులో వేసుకుని తిరిగేవాడు. బ్యాటరీకి ఇంతకంటే మంచి మందు లేదనేవాడు. నిజమే, బ్యాటరీకి.

అతని భార్య మాలతి ఉర్లాలో ఒక స్పంజ్ ఐరన్ ఫ్యాక్టరీ యార్డులో ఊడ్చే పని చేస్తుంది, కాంట్రాక్టు మీద, ఠేకేదారు కింద. ఇల్లు పక్కనే బీర్‌గావ్‌లో. అక్కడ ఉతికి ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి తెల్లగా ఉండదు. చలికాలం గాలికి పెదాలు పగులుతాయి, పగుళ్లలో నల్లపొడి చేరుతుంది. ఆ ఏడు కొత్త ఠేకేదారు వచ్చాడు. చలికాలం కిట్ అని చేతి తొడుగులు, మాస్కు, గులాబీ బొమ్మ డబ్బా పంచాడు. మాలతి రోజూ రాసుకుంది. పగుళ్లు మానలేదు సరికదా, పొడి ఆ జిడ్డులో నానిపోయి, పెదవి మీద నల్లగీతలు పడ్డాయి. సబ్బుతో రుద్దితే నెత్తురొచ్చేది. నవ్వాల్సి వస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. ఊరగాయ తినడం మానేసింది. ఆ మనిషికి ఊరగాయ లేకుండా ముద్ద దిగదు.

ఒక ఉదయం చిన్నారావు తన డబ్బా తెరిచి చూస్తే నిండా ఉంది. నిన్న అడుగంటింది కదా అనుకున్నాడు. వంటింట్లోకి వెళ్లి తల్లిని అడిగాడు. తల్లి పేరు పైడితల్లి.

"రెండు డబ్బాల్లోనీ అరకొరగా ఉంటే ఒకదాన్లోకి గీకీసినాను. ఏటైనాదిప్పుడు?"

"అమ్మా, ఇది బ్యాటరీదే. కోడలి డబ్బాలోది దీన్లో ఎందుకు కలిపావు?"

"ఏది బేటరీది, ఏది దానిది? రంగొకటే, కంపొకటే. నీకు తెలిస్తే ఇడదీసుకో."

మాలతి జడ వేసుకుంటూ అక్కణ్ణుంచే అరిచింది. "అత్తా, నా క్రీమ్ పారబోశావా? ఇవాళ డ్యూటీలో ఏం రాసుకోమంటావు?"

చిన్నారావు ఖాళీ అయిన గులాబీ డబ్బా అంచున మిగిలింది వేలితో తీశాడు. వేళ్ల మధ్య రుద్దాడు, వాసన చూశాడు. తన చెమట వాసన ఎంత తెలుసో ఆ వాసనా అంత తెలుసు అతనికి. అదే డ్రమ్ము.

టాటీబంధ్ వెళ్లగానే సేఠ్‌ని అడిగాడు. ప్రేమ్‌చంద్ ఫోన్లోంచి తలెత్తలేదు.

"ఉర్లాకా? రెండు డ్రమ్ములెళ్లాయి. కొత్త ఠేకేదార్ పట్టుకెళ్లాడు. క్యోఁ?"

"అది ఆడవాళ్ల పెదాలకి పంచుతున్నారు సేఠ్."

"పంచనీ. బ్యాటరీ ఖరీదెంత, పెదవి ఖరీదెంత? అంత ఖరీదైన దానికి పనికొచ్చింది దీనికి పనికిరాదా?" తన జోకుకి తనే నవ్వుకున్నాడు. నవ్వయ్యాక ఫోను పక్కన పెట్టాడు. "రావ్, నీ ఘర్‌వాలీ అక్కడే కదా పని చేసేది. ఈ మాట అక్కడ పుడితే ఎవరి నోట్లోంచి పుట్టిందో నాకు తెలుస్తుంది. నీ మూల కావాలని మనుషులు వచ్చి అడుగుతున్నారు. నేనే, రావ్ మంచోడు, ఉండనీ అంటున్నా."

చిన్నారావు ఆ మాట మింగేశాడు. సాయంత్రం ఇంటికొచ్చి మాలతితో ఒకటే చెప్పాడు, ఆ క్రీమ్ రాసుకోకని.

"ఎందుకు?"

"వద్దంటే వద్దు."

"మరేం రాసుకోమంటావు మావా, నీ మాటలా?"

పైడితల్లి గూట్లోంచి ఒక సీసా తీసి కోడలి ముందు పెట్టింది. లోపల పాత నెయ్యిలా గడ్డకట్టిన ఇప్పనూనె. ఇప్పగింజలు ఆడించిన నూనె, ఇక్కడి వాళ్లు టోరీ తేల్ అంటారు. బీర్‌గావ్ వారపు బజారులో ఒక ఛత్తీస్‌గఢీ ముసలమ్మ తెచ్చి అమ్ముతుంది. పైడితల్లి మడమలకి రాసుకుంటుంది.

"మడమకి రాసేది మూతికా అత్తా?"

"నీ మూతి ఇప్పుడు నా మడమకంటే అద్దోన్నంగా ఉంది. రాయి. మా అమ్మ దీంతో కూరలొండీది. కడుపులోకి పోయినా భయం నేదు."

మాలతి రాసుకుంది. ఆ రాత్రికి మంట తగ్గింది, కానీ మర్నాడు యార్డులో ఎండెక్కగానే నూనె కరిగి గడ్డం మీదికి జారిపోయింది. ఇంకొకరైతే సీసా గూట్లో పెట్టేసి ఊరుకునేవారు. మాలతి ఊరుకునే రకం కాదు, అదే ఆవిడలో మెచ్చుకోవలసింది. కరగకుండా పట్టి ఉంచేది ఏదైనా కలపాలంది. కొట్టువాడు తెల్లటి మైనం బిళ్ల చూపించి, ఇదీ మైనమేగా అన్నాడు. వాసన చూస్తే గులాబీ డబ్బాలాగే కిరసనాయిలు కంపు, వెనక్కిచ్చేసింది. అది కొవ్వొత్తి మైనం, అదీ ఆ జెల్లీలాగే ముడిచమురులోంచి తీసిందే. ఒక దొంగని గెంటి వాడి తమ్ముణ్ణి ఇంట్లో పెట్టుకుంటానా అంది. బజారులో తేనె అమ్మే మనిషిని పట్టుకుని గోధుమరంగు తేనెమైనం తెప్పించింది. ముక్కు దగ్గర పెడితే తేనె వాసన.

నీళ్ల గిన్నెలో చిన్న గిన్నె పెట్టి నూనె, మైనం కలిపి కరిగించింది. మొదటిసారి మైనం ఎక్కువై కొయ్యలా బిగిసింది. పెదవికి రాస్తే తోలు లాగేసింది. రెండోసారి రవ్వలు కట్టింది. చిన్నారావు పక్కన కూర్చుని చూస్తూ, ఎన్నో ఏళ్లుగా లారీల వైరింగులో తెగిన తీగ వెతికే తనకే ఇంత ఓర్పు లేదనుకున్నాడు. పొయ్యి మంట తగ్గించి, మెల్లగా చల్లార్చి చూసింది. ఈసారి కుదిరింది. వేలితో నొక్కితే మెత్తగా, పెదవి మీద పెడితే కరిగి, ఎండలో కూడా నిలబడింది. పొడి దీనికీ అంటుతుంది, అంటదని మాలతి ఎవరితోనూ అబద్ధం చెప్పలేదు. కానీ బట్టతో తుడిస్తే పొడీ నూనే కలిసి వచ్చేస్తాయి, నలుపు పగుళ్లలో కూర్చోదు.

పెదాలు మానాయి. ఒకరోజు మాలతి అన్నంలో ఆవకాయ కలుపుకుంటూ అత్త అన్నదేదో విని కొంగు అడ్డం లేకుండా నవ్వింది. చిన్నారావు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. గులాబీ డబ్బాలో ఉన్నది సేఠ్ డ్రమ్ము సరుకేనని ఆమెకి ఇంకా చెప్పలేదని గుర్తొచ్చింది.

యార్డులో మాలతి పక్కన ఊడ్చే త్రివేణి అడిగింది, తర్వాత మిగతావాళ్లు అడిగారు. మాలతి పాత డబ్బాలు కడిగి, నింపి, తీసుకెళ్లి ఇచ్చింది. గులాబీ డబ్బాలు గోడ మీద వరసగా మిగిలిపోయాయి. సూపర్‌వైజర్ యోగేష్ కంట్లో అది పడింది. ఆ సాయంత్రం మాలతి మండిపడుతూ ఇంటికొచ్చింది.

"గేటు దగ్గర నా నోరు వాసన చూశాడు. ఇప్పసారా తాగి డ్యూటీకొచ్చామట. ఇప్పగింజల నూనెరా బాబూ, సారా కాదంటే వినడు. త్రివేణి అంది, భయ్యా, సారా అయితే మీకు ముందే తెలిసేది, మీకు అలవాటైన వాసన కదా అని. అందరూ నవ్వారు. వాడికి పౌరుషం వచ్చింది. రేపు కంపెనీ క్రీమ్ కాకుండా బయటిది తెచ్చినవాళ్లకి గేటు బంద్ అన్నాడు."

"అయితే?" అన్నాడు చిన్నారావు.

"రేపు ఆ డబ్బాలో ఏముందో అడుగుతాను. పెదాలకి పూసేది సగం కడుపులోకే పోతుంది. ఏం తింటున్నామో తెలియొద్దా?"

పైడితల్లి కొడుకు మొహం చూసింది. "నోట్లో ఏటెట్టుకున్నావురా? ఊసీ."

చిన్నారావు ఊసేశాడు. డ్రమ్ము సంగతి, సేఠ్ సంగతి, మూల సంగతి, అన్నీ. మాలతి అంతా విని అడిగింది.

"ఎప్పణ్ణుంచి తెలుసు?"

"అమ్మ రెండూ కలిపిన రోజు నుంచి."

"నీ పేరు నేను ఎత్తను మావా. నీ మూల నీకుంటుంది. కానీ అడగడం మానను."

తిట్టి ఉంటే అతనికి తేలికయ్యేది. తిట్టలేదు. తన పని పోవడానికి సిద్ధపడి, అతని పని కాపాడతానంటోంది. చిన్నారావుకి సిగ్గేసింది, ఆ సిగ్గు కింద గర్వం కూడా కలిగింది.

తెల్లవారాక అతని బండి టాటీబంధ్ వైపు తిరగలేదు. వెనక సీటుకి ఒక పాత బ్యాటరీ కట్టుకుని ఉర్లా గేటుకి వెళ్లాడు. అప్పటికే ఆడవాళ్లంతా గేటు బయట నిలబడి ఉన్నారు. లోపల యోగేష్, అతని వెనక ఫ్యాక్టరీ మేనేజర్.

మాలతి తన డబ్బా మూత తీసింది. వేలినిండా తీసి నోట్లో పెట్టుకుని మింగేసింది. గులాబీ డబ్బా తెరిచి యోగేష్ ముందు పట్టుకుంది.

"మాది నేను తిన్నాను భయ్యా. మీది మీరు తినండి. ఎక్కువొద్దు, మేం రోజూ పూసుకున్నంత."

"పాగల్ హో క్యా? తినే వస్తువా ఇది?"

"మరి మా మూతికెందుకిచ్చారు?"

యోగేష్ మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ డబ్బా అందుకుని అటూ ఇటూ తిప్పాడు. గులాబీ బొమ్మ తప్ప దాని మీద అక్షరం లేదు. "ఏముందిందులో?" అని యోగేష్‌ని అడిగాడు.

"నేను చెప్తా సాబ్," అన్నాడు చిన్నారావు. బ్యాటరీ దించి గేటు ముందు పెట్టాడు. గులాబీ డబ్బాలోంచి వేలితో తీసి బుడిపెలకి పూశాడు. "ఇది దీనికి రాసేది. టాటీబంధ్ డ్రమ్ములోది. రోజూ నా చేత్తో రాసేదే. నా భార్య మూతికి రాశారు."

మాలతి అతని వైపు తిరిగింది. కొంచెం జరిగి పక్కన చోటిచ్చింది.

మేనేజర్ చూస్తాం అన్నాడు. ఆ పూట గేటు తెరిచారు, ఎవరినీ ఆపలేదు. లోపలికి వెళ్తూ త్రివేణి తన గులాబీ డబ్బా చిన్నారావు సంచిలో వేసింది. "తీస్కో అన్నా, నీ బ్యాటరీకి పనికొస్తుంది." వెనక వాళ్లూ ఒక్కొక్కరే వేశారు. సంచి నిండిపోయింది.

మధ్యాహ్నానికి సేఠ్ ఫోన్ చేశాడు, వచ్చి పానాలు పట్టుకుపొమ్మని. చిన్నారావు పట్టుకొచ్చేశాడు. ఇప్పుడు బీర్‌గావ్ రోడ్డు వార టార్పాలిన్ కట్టుకుని కూర్చుంటున్నాడు. లారీలు తక్కువే, ఆటోలు ఎక్కువ. వచ్చిన ప్రతి బ్యాటరీకి గులాబీ డబ్బాలోంచి తీసి పూస్తాడు. డ్రైవర్లు నవ్వితే, ఇదెక్కడిదో చెప్తాడు. పక్క చెక్క మీద మాలతి ఇప్పనూనె డబ్బాలుంటాయి. ప్రతి డబ్బా మీద కాగితం అంటించి ఉంటుంది, హిందీలో, తెలుగులో. ఇప్పనూనె, తేనెమైనం, ఇంకేం లేదు. ఆ కాగితం అతికించేది పైడితల్లి. ఆవిడకి అక్షరాలు రావు, అయినా తలకిందులుగా ఒక్కటీ పడదు.

మీరు చూస్తామన్నారు. చూడ్డానికేం మిగల్లేదు. పంచిన డబ్బాలు వెనక్కి తీసుకోండి, ఆ సరుకు బ్యాటరీల దగ్గరికే పంపండి. చర్మానికి ఇచ్చే ప్రతి డబ్బా మీద లోపల ఏముందో చదవగలిగేంత పెద్ద అక్షరాలతో రాయండి. రాయలేకపోతే ఇవ్వకండి. ఇప్పనూనె డబ్బా పట్టుకొచ్చిన ఏ ఆడమనిషినీ గేటు దగ్గర వాసన చూడకండి, కిట్లో వెయ్యడానికి అదే ఆ ఆడవాళ్ల దగ్గరే కొనండి. ఆ నల్లపొడి మా మూతుల మీద పడకుండా మీ చిమ్నీ నోరు మీరు కట్టండి. చలికాలం పోయాక కాదు, మీటింగు పెట్టుకున్నాక కాదు. రేపు పొద్దున్న షిఫ్టుకి గేటు తెరిచేలోపు.