అంతకుముందు ఉన్న టీచర్

సంధ్యారాణి టాంజానియా పోతున్నదన్న సంగతి సూరత్‌ పక్క వడోద్‌లో వాళ్ళ గల్లీ అంతటికీ తెలిసిపోయింది. మరమగ్గాల మీద బతికే ఇంట్లోంచి ఒక ఆడపిల్ల విమానం ఎక్కడం, అదీ నౌకరీకి కాకుండా జీతం లేకుండా పిల్లలకు లెక్కలు చెప్పడానికి అని విని కొందరు మెచ్చుకున్నారు. కొందరికి అసలు అర్థమే కాలేదు. అర్థం కానివాళ్ళలో మొదటి మనిషి ఆమె తల్లి కొమురవ్వ.

"మన గల్లీల పోరగాండ్లకే లెక్కలు వస్తలేవు. సముద్రం అవతలికి పోయి చెప్పుడేందే?" అంది.

"ఒక్క ఏడాదే అమ్మా. మళ్ళొచ్చి వీళ్ళకే చెప్తా."

తండ్రి గంగారాం పాస్‌పోర్టు పనులకు తన షిఫ్టు మానుకొని వెంట తిరిగాడు.

సంధ్యారాణి వడోద్‌లోనే ఒక చిన్న హిందీ మీడియం స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెప్పేది. పుట్టింది, పెరిగింది, చదివింది అంతా సూరత్‌లోనే. జగిత్యాల దగ్గర ఉన్న అమ్మమ్మ ఊరు తప్ప వేరే చోటు ఎరగదు. సూరత్ బట్టల వ్యాపారులు కొందరు కలిసి నడిపే ఒక ట్రస్టు, ఆఫ్రికాలోని చిన్న చిన్న స్కూళ్ళకు ఏటా కొందరు టీచర్లను పంపుతుంది. టికెట్టు, తిండి, ఉండడానికి గది వాళ్ళే చూసుకుంటారు. ఆ కబురు తెలిసినప్పుడు సంధ్యారాణికి సేవ అన్న మాట కన్నా ముందు ఇంకో ఆలోచన వచ్చింది. తనెవరో ఎవరికీ తెలియని చోట, తన భాష రాని పిల్లల ముందు నిలబడి చెప్పగలనా? చెప్పగలిగితే తను నిజంగా టీచరే అనుకోవచ్చు.

ప్రిన్సిపాల్ మేడం ఏడాది సెలవిచ్చింది. సంధ్యారాణి స్థానంలో సంగీత అనే కొత్త అమ్మాయిని తీసుకున్నారు. ఆ పిల్లది సూరత్ దగ్గరి పల్సానా. అప్పుడే బీఎడ్ అయింది, అదే ఆమెకు మొదటి ఉద్యోగం.

పద్మశాలీల హాల్లో శాలువా కప్పారు. ట్రస్టు తరఫున కిరీట్‌భాయ్ వచ్చి, కూలినాలి చేసుకునే ఇంటి బిడ్డ ప్రపంచానికి చదువు పంచబోతున్నదని మాట్లాడాడు. ముందు వరసలో కూర్చున్న కొమురవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. జూలైలో సంధ్యారాణి బయలుదేరింది.

టాంజానియాలో ఆ ఊరు ఒక పెద్ద సరస్సుకు దగ్గరలో ఉంది. స్కూల్లో ఆమెకు ఇచ్చినది ఎనిమిదో తరగతి లాంటి క్లాసు. ఆ పిల్లలు నిన్నమొన్నటిదాకా స్వాహిలీలో చదువుకున్నారు. ఆ ఏడాది నుంచే అన్నీ ఇంగ్లీషులో చదవాలి. ఏమడిగినా "యెస్ మేడం" అనేవాళ్ళు. అర్థమైందా అంటే యెస్ మేడం, కాలేదా అన్నా యెస్ మేడం. ఆ యెస్ సంధ్యారాణికి కొత్త కాదు. ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లగా సూరత్‌లో మొదటిసారి బడికి పోయినప్పుడు, తనూ ప్రతిదానికీ తల ఊపుతూ "జీ మేడం" అనే కూర్చునేది.

అందుకని మాటలు తగ్గించింది. సీసా మూతలు, మొక్కజొన్న గింజలు, తాడు ముక్కలు తెచ్చి పిల్లల చేత పనులు చేయించింది. తనూ నాలుగు స్వాహిలీ మాటలు నేర్చుకుని తప్పుగా పలికి నవ్వించింది. నెల తిరిగేసరికి పిల్లలు లేచి బోర్డు దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఫోన్లో తల్లికి చెప్పేటప్పుడు సంధ్యారాణి గొంతులో సంతోషం దాగేది కాదు.

ఒకరోజు భిన్నాలు చెబుతుంటే ఒక అమ్మాయి బోర్డు మీద దీర్ఘచతురస్రం గీసి, దాన్ని అడ్డంగా, నిలువుగా పట్టీలు పట్టీలుగా కోసి, లెక్క చక్కగా చేసి చూపించింది. ఆ పద్ధతి సంధ్యారాణి చెప్పలేదు.

"చాలా బాగుంది. ఎవరు నేర్పారు?"

"మేడం రెహెమా."

ఆ అమ్మాయి తప్పు మాట అన్నట్టు తల దించుకుంది. తర్వాత స్టాఫ్ రూంలో అడిగితే, "అంతకుముందు ఉండేది, వెళ్ళిపోయింది" అన్నారు. వేరే ఉద్యోగం దొరికిందేమో అనుకుంది సంధ్యారాణి.

ఆదివారం సంతకు పోయినప్పుడు ఒక బట్టల కొట్టు దగ్గర ఆగింది. పూలపూల పాలిస్టర్ తానులు. చేత్తో తడిమి చూడగానే సూరత్‌లో పాండేసరా మిల్లుల్లో అద్దకమేసిన గుడ్డలా అనిపించింది. ఎక్కడిదని అడిగితే, కొట్లో కూర్చున్న ఆమె, "ఇండియాది, మీలాగే" అని నవ్వింది. తన ఈడుదే. ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతోంది. "భిన్నాలు అయిపోయాయా? ఎక్కడిదాకా వచ్చారు?" అని ఆమె అడిగేసరికి సంధ్యారాణికి అప్పుడు తట్టింది.

"రెహెమా మీరేనా?"

"నేనే."

"స్కూలు ఎందుకు మానేశారు?"

రెహెమా గుడ్డ తానును చుట్టడం ఆపలేదు. "నేను మానలేదు. ఇండియా నుంచి ఒక టీచర్ వస్తున్నారు, వాళ్ళకు జీతం ఇవ్వక్కర్లేదు అని హెడ్మాస్టర్ చెప్పాడు. మీకు తెలియదనుకుంటా."

"తెలియదు."

"అనుకున్నాను" అంది రెహెమా. ఆమె గొంతులో కోపం లేదు. ఇది తన పిన్ని కొట్టు అనీ, ప్రస్తుతానికి ఇక్కడే కూర్చుంటున్నాననీ చెప్పింది. వెనక బెంచీలో కూర్చునే ఒక పిల్లవాడికి కళ్ళు సరిగా ఆనవు, వాణ్ని ముందుకు జరపమని కూడా చెప్పింది.

మరునాడు సంధ్యారాణి హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన దాచలేదు. కిటికీలోంచి కొత్త రేకులు వేసిన గదిని చూపించాడు. "ఆ రేకులు చూడండి. మొన్నటిదాకా వానొస్తే ఆ క్లాసుకు సెలవే. రెహెమా జీతం మిగిలింది కాబట్టే కప్పు పడింది. మీరు రావడం మాకు మేలే అయింది మేడం" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధమని ఎలా అనగలదు? ఆ రేకుల కింద పిల్లలు కూర్చుని ఉన్నారు.

ఆ వారమంతా ఆమె పాఠం చెప్పింది కానీ మనసు పాఠంలో లేదు. పిల్లలు ఉత్సాహంగా బోర్డు దగ్గరికి వస్తుంటే ఇంతకుముందు కలిగిన సంతోషం ఇప్పుడు కలగలేదు. చివరికి తండ్రికి ఫోన్ చేసి అంతా చెప్పింది.

గంగారాం చాలాసేపు విన్నాడు. ఆమె చిన్నప్పుడు, కార్ఖానా శేఠ్ తక్కువ కూలికి వేరే రాష్ట్రం నుంచి మనుషుల్ని తెచ్చి, ఆయన్ను ఇంటికి పంపాడు. ఆ రోజుల్లో ఆయన పొద్దంతా గుమ్మంలో కూర్చోవడం సంధ్యారాణికి గుర్తుంది.

"నాన్నా, అప్పుడు వాళ్ళ మీద కోపం రాలేదా నీకు?"

"వాళ్ళ మీద ఎందుకు బిడ్డా? వాళ్ళు పొట్ట కోసం వచ్చిండ్రు. వాళ్ళ మగ్గం మీద నేనొకడ్ని ఉంటినని వాళ్ళకేం ఎరుక?"

మళ్ళీ తనే అన్నాడు. "నీకైతే ఇప్పుడు ఎరుకైంది. ఏం జేస్తవో నువ్వే ఆలోచన చెయ్. నేనైతే రమ్మని అననూ, ఉండుమని అననూ."

సెప్టెంబరులో అక్కడ చిన్న సెలవులు వస్తాయి. వాటికి ముందు సంధ్యారాణి హెడ్మాస్టరుతో తను వెళ్ళిపోతున్నానని, రెహెమాను తిరిగి తీసుకోమని అడిగింది. ఆయనకు బాధ కలిగింది, కొంచెం కోపం కూడా. లెక్కల టీచర్ లేకుండా పరీక్షల దాకా నెట్టలేడు కాబట్టి సరేనన్నాడు. "మీ ట్రస్టు ఇంకొకరిని పంపితే మాత్రం నేను వద్దనలేను" అన్నాడు. ఆ సంగతి సూరత్‌లో మాట్లాడతానని ఆమె మాటిచ్చింది. చివరి రోజు పిల్లలు గేటు దాకా వచ్చారు. ఎందుకు వెళుతున్నదో వాళ్ళకు సరిగ్గా చెప్పలేకపోయింది. తమ మీద కోపమొచ్చి వెళుతున్నదనుకున్నారేమోనన్న దిగులు ఆమెను చాలా రోజులు వదల్లేదు.

బతుకమ్మ పండగకు ముందు ఇల్లు చేరింది. శాలువా కప్పి పంపిన పిల్ల మూడు నెలలు కాకముందే తిరిగొచ్చిందంటే గల్లీ ఊరుకుంటుందా? తిండి పడలేదా అన్నారు. భయపడిందా అన్నారు. ఏమన్నా జరిగిందా అని గొంతు తగ్గించి అడిగారు. పెళ్ళి కావలసిన పిల్ల కావడంతో ఆ చివరి మాటకు కొమురవ్వ బెదిరిపోయింది. బతుకమ్మలాడే చోట, "నాకే పానం మంచిగ లేకుండె. దాన్ని నేనే రమ్మన్న" అని చెప్పేసింది. మర్నాటి నుంచి ఇరుగుపొరుగు దానిమ్మ పండ్లు పట్టుకొని పరామర్శకు రావడం మొదలైంది. కొమురవ్వ మంచం మీద కూర్చొని దగ్గవలసి వచ్చింది.

"ఎందుకమ్మా గట్ల చెప్పినవ్?"

"మరేం చెప్పాలె? నువ్వు జేసింది నాకే సక్కగ సమజైతలేదు. వాళ్ళకేం సమజైతది?"

సోమవారం సంధ్యారాణి స్కూలుకు వెళ్ళింది. ప్రిన్సిపాల్ మేడం సంతోషపడింది. "మంచి టైముకు వచ్చావు. రేపటి నుంచే క్లాసు తీసుకో. సంగీతకు నేను చెప్తాలే" అంది.

కిటికీలోంచి ఆరో తరగతి కనిపిస్తోంది. సంగీత చేతులకు సుద్ద అంటుకొని ఉంది. ఒక పిల్లవాడి పక్కన వంగి ఏదో చెబుతోంది. సంధ్యారాణి అటే చూసింది. తన క్లాసు అది. పిల్లల పేర్లన్నీ తనకు తెలుసు. తన కుర్చీ తనకు కావాలని ఎవరైనా అంటే అందులో తప్పేముంది? అయినా ఆ కుర్చీలో ఇప్పుడొక మనిషి ఉంది.

"ఏడాదికని చెప్పి తీసుకున్నారు కదా మేడం, ఆమెను. ఏడాది నిండనివ్వండి. నేను జూన్‌లో వస్తా" అంది.

"అప్పటిదాకా ఏం చేస్తావు?"

"ఏదో ఒకటి చేస్తా."

ఇంటికొచ్చి తల్లితో పాటు చీరలకు మెరుపు రాళ్ళు అంటించే కూలి పనిలో కూర్చుంది. అప్పుడు కొమురవ్వకు నిజంగానే కోపమొచ్చింది. "ఆడ ఒకదాని కోసం వస్తివి, ఈడ ఇంకోదాని కోసం కూసుంటివి. నీ కోసం ఎవరు కూసుంటరు?" అంది. సంధ్యారాణి తల వంచి ఇంకో రాయి అంటించింది. గంగారాం టీ తాగుతూ, "ఊకో జర" అని మాత్రం అన్నాడు.

దీపావళి తర్వాత కొత్తగా వెళ్ళబోయే వాలంటీర్లకు ట్రస్టు ఒక మీటింగు పెట్టింది. రింగురోడ్డు మార్కెట్లో తన కొట్టు పైన ఉన్న ఆఫీసుకు సంధ్యారాణిని ముందే పిలిపించాడు కిరీట్‌భాయ్.

"మధ్యలో వదిలేసి వచ్చావు బెహన్. దాతలకు నేనేం చెప్పాలి? మీ అమ్మగారి ఆరోగ్యం అని విన్నాను. అదే చెప్పు చాలు. అక్కడి పిల్లల గురించి నాలుగు మంచి మాటలు చెప్పు" అన్నాడు హిందీలో.

"మా అమ్మ బాగానే ఉంది భాయ్" అంది సంధ్యారాణి. అప్పుడే ఆయనకు అంతా చెప్పింది. ఆయన మొహం మాడ్చుకున్నాడు కానీ, మాట్లాడవద్దని మాత్రం అనలేదు.

మీటింగులో ఆమె నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. పిల్లలు నేర్చుకున్న సంగతి, రేకుల కప్పు, బట్టల కొట్లో రెహెమా, అన్నీ. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసలోంచి భరద్వాజ్ అనే కుర్రాడు లేచాడు. విజయవాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తున్నాడు, జనవరిలో వెళ్ళాల్సినవాడు. తెలుగులోనే అడిగాడు.

"అయితే మమ్మల్ని వెళ్ళొద్దంటారా అండీ?"

"నాకు తెలియదు. నేనున్న రోజులు క్లాసు బాగానే నడిచింది. అబద్ధం చెప్పను. ఆమె ఉద్యోగం పోయిందీ నిజమే. మీరు వెళ్ళే చోట మీ కన్నా ముందు ఎవరున్నారో ఇక్కడుండగానే అడగండి. నేను అడగలేదు."

తర్వాత కొన్నాళ్ళకు కిరీట్‌భాయ్ ఫోన్ చేశాడు. స్కూళ్ళన్నిటికీ తనే ఫోన్ చేసి అడిగాడట. ఇంకో చోట కూడా ఇలాగే జరిగిందట. ఒక కొండ ఊళ్ళో మాత్రం రెండేళ్ళుగా లెక్కల టీచరే లేడు. భరద్వాజ్‌ను అక్కడికి పంపుతున్నామన్నాడు. రెహెమా స్కూలుకు ఇక ఎవరినీ పంపబోమన్నాడు. "ఆ టికెట్టు డబ్బుతో అక్కడి టీచరుకే జీతం ఇవ్వొచ్చు కదా భాయ్" అంది సంధ్యారాణి. "మన పిల్లలు వెళుతున్నారంటేనే ఇక్కడ జనం ఇస్తారు బెహన్. కళ్ళతో చూడని మనిషి జీతానికి ఎవరిస్తారు? అడిగి చూస్తాను" అన్నాడు. అడిగాడో లేదో ఆమెకు తెలియదు.

జూన్‌లో సంధ్యారాణి తన క్లాసుకు తిరిగి వెళ్ళింది. సంగీతకు సూరత్‌లోనే, కోసాడ్‌లో ఒక స్కూల్లో ఉద్యోగం దొరికింది. సంధ్యారాణి మధ్యలో తిరిగొచ్చిన సంగతి మరిచి గల్లీ వేరే సంగతులలో పడింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు రెహెమా వీడియో కాల్ చేసింది. ఆమె స్టాఫ్ రూంలో ఉంది. ఆ పిల్లలు పై క్లాసుకు వచ్చారని, దాదాపు అందరూ పాసయ్యారని చెప్పింది. కాసేపు పాఠాల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత రెహెమా ఉన్నట్టుండి, "నీ స్థానంలో నేనుంటే వచ్చేసేదాన్ని కాదు. ఆ ఏడాది పూర్తి చేసేదాన్ని. పిల్లలు చాలా రోజులు నీ గురించి అడిగారు" అంది.

"మరి నీ సంగతి?" అంది సంధ్యారాణి.

"నా సంగతి నేను ఎలాగో చూసుకునేదాన్ని" అంది రెహెమా. "కానీ నువ్వు వెళ్ళినందుకు నాకు సంతోషం కలగలేదని మాత్రం అనను."

ఇద్దరూ నవ్వారు. అటు గంట మోగింది. పిల్లలు వచ్చేశారని, మళ్ళీ మాట్లాడతానని చెప్పి రెహెమా సుద్దముక్క తీసుకొని లేచింది.