పికో మీద ఉడికిన ఫోను

మా తమ్ముడు ఎదిల్బెర్తోకి బుద్ధి చెప్పడం కంటే మా బరాంకియా ఊరి ఎండకి చెప్పడం తేలిక. భర్త పోయి ఎదురింట్లో ఒంటరిగా ఉంటున్న నొయెమిని, నన్ను పెళ్లి చేసుకుంటావా అని పోయిన ఆదివారం పాటల హోరులోనే అడిగేశాడు.

"ఏమీ అనకుండా లోపలికి పోయిందక్కా," అని ఒకటే దిగులు. ఆవిడ మనసు కరిగించాలని, అంతకుముందు ఆదివారాలే తీసే పికోని అప్పటినుంచి రోజూ వీధిలోకి లాగాడు. బొమ్మలేసిన, మనిషెత్తు స్పీకర్ పెట్టె అది. పాటలన్నీ ఫోనులో ఉంటాయి. ఆ ఫోను సలసలా కాగే ఆంప్లిఫయర్ మీద, ఎండలో, ఛార్జింగు తీగతో పొద్దస్తమానం పడి ఉండేది.

"ఒరేయ్, అది ఫోనురా, పెనం కాదు! ఏళ్ల తరబడి ఇలాగే ఉడికించి బ్యాటరీ ప్రాణం తీశావు. ఒకప్పుడు రోజంతా వచ్చేది, ఇప్పుడు తీగ పీకితే రెండు పాటలకే చస్తోంది. వెనక మూత చూడు, నూనెలో వేసిన మొక్కజొన్న అరేపాలా ఉబ్బింది!"

"నీకు పాట విలువ తెలీదక్కా, తిట్టడమే తెలుసు," అన్నాడు వెధవ.

శనివారం మధ్యాహ్నం, ఆవిడకిష్టమైన కుంబియా పాట సగంలోనే ఆగిపోయింది. ఫోను వేడెక్కింది, చల్లబడనివ్వండి అని తెర మీద వచ్చింది. వీడు నా దుకాణంలోకి పరుగెత్తుకొచ్చి, నేనమ్మే చింతపండు ఐసు పొట్లాల మధ్య, ఫ్రీజరులో దాన్ని దూర్చాడు. మా వీధిలో అందరూ చేసే వైద్యమే; ఎన్ని ఫోన్లు పోయినా మానరు. బయటికి తీసేసరికి దాని ఒళ్లంతా తడి, తెర లోపల కూడా నీటిబొట్లు. నొక్కాడు, ఊదాడు, చొక్కాకి తుడిచాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"అయిపోయిందక్కా! ఇంక ఆవిడ నావైపు చూస్తుందా?"

అరవయ్యేళ్లవాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. నొయెమి చెవులు రుద్దుకుంటూ వచ్చి మా గుమ్మంలో నిలబడింది.

"ఆగిందా, మహానుభావా?"

"క్షమించు నొయెమి, రేపే బాగు చేయిస్తా..."

"చేయించావంటే ఊరుకోను! ఆదివారం నువ్వడిగినప్పుడే సరే అన్నాను. మర్నాడు కిటికీలోంచి అరిచి చెప్పాను. నిన్న గొంతు పోయేలా అరిచాను. నువ్వేమో పళ్లికిలించి, ఇంకా సౌండు పెంచావు!"

వాడు నోరు తెరుచుకుని నావైపు చూశాడు, మళ్లీ ఆవిడ వైపు చూశాడు.

"మరి... ఇప్పుడు?"

"ఇప్పుడూ సరే. వినిపించిందా?"

"లేదు," అన్నాడు దొంగవెధవ, చెవులదాకా నవ్వుతూ. "మళ్లీ చెప్పు."