కదలని అంకె

ఓల్ద్రిఖ్ అంటే నాకు పడదు. నా కూతురు రాద్కా వాళ్ళబ్బాయిని చేసుకుంటానన్న రోజు నుంచి కాదు, అంతకు ఇరవై ఏళ్ళ ముందు నుంచీ పడదు. పెళ్ళికి బీరు ఇంట్లోనే కాచుకుందామన్నది పిల్లలు. కాగూ పీపాలూ ఆయనవి. నేలమాళిగ నాది, పనితనం నాది. ఊళ్ళో మాత్రం "నా బీరు" అని చాటుకున్నది ఆయనే.

పెళ్ళి ఇంకో వారం ఉందనగా శనివారం పొద్దున్నే నేలమాళిగలోకి దిగాడు. బీరులో అంకెలున్న గాజుపుల్ల వేసి తేల్చాడు. ఇంకా ఎంత తీపి మిగిలిందో అది చెబుతుంది.

"నాలుగు! మొన్నా నాలుగే, నిన్నా నాలుగే. మూడు రోజులు అంకె కదల్లేదంటే పులియడం అయిపోయినట్టే. పీపాల్లో పోసేద్దాం చెల్లెమ్మా."

నేనొక గుక్క తాగాను. నాలుక మీద పచ్చి తీపి.

"అవలేదన్నయ్యగారూ. చలికి పడుకుంది. సిగరెట్టు కోసం రోజూ ఆ కిటికీ తెరిచి వదిలేసి పోతున్నారుగా, ఆ పుణ్యమే! రెండున్నరకి దిగాలి. ఇప్పుడు పోస్తే వెచ్చదనం తగలగానే పీపాలో లేచి కూర్చుంటుంది, గాలి పట్టి ఎగదన్నుతుంది."

"బీరు పడుకోవడమేంటి? జోలపాట కూడా పాడతావా?" అని పగలబడి నవ్వాడు. "నువ్వు వెళ్ళి సూపులో ఉప్పు చూసుకో."

"మా నాన్న దగ్గర నేర్చుకున్న పని ఇది."

"మీ నాన్న బీరు తాగే కదూ, మా నాన్న మూడు రోజులు పెరట్లోంచి ఇంట్లోకి రాలేదు!"

చచ్చిపోయిన మనిషిని అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పోసుకోండి. మీ ఖర్మ," అన్నాను.

పోసుకున్నాడు. నురగ బాగా రావాలని పీపాకి కాస్త పంచదార కూడా వేసి, అన్నీ తన కొట్టంలోకి చేర్చుకున్నాడు. అంతకు ముందే నేను అదే బీరు ఒక జాడీలో తీసి పొయ్యి పక్కన పెట్టాను. వెచ్చగా ఉంటే నిద్ర లేస్తుందో లేదో చూద్దామని.

లేచింది. మంగళవారం గాజుపుల్ల వేసి చూస్తే రెండున్నర! వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. జాడీ మీద కాగితం అంటించి అంకె రాశాను. పెళ్ళికి ఇంకా నాలుగు రోజులుంది. పీపాల్లో పట్టిన గాలి బయటికి వదలమని ఒక్క మాట చెబితే చాలు. చెబుదామని మా గేటు దాకా వెళ్ళాను కూడా. సారాకొట్టు అరుగు మీంచి ఆయన గొంతు వినపడింది.

"మా వియ్యపురాలు బీరుకి జోల పాడుతుందిరోయ్!"

వెనక్కి వచ్చి, జాడీని అలమారలో తువ్వాళ్ళ వెనక దాచేశాను. నలుగురిలో పరువు పోతేగాని ఈ మనిషికి బుద్ధి రాదనుకున్నాను.

శనివారం ఎండ మాడ్చేసింది. పెళ్ళి విందు మా పెరట్లోనే, పీపాలన్నీ కొట్టంలోంచి అక్కడికి దొర్లించుకొచ్చాడు. మొదటి మగ్గు పెళ్ళికూతురు పట్టాలన్నది మా ఊరి ఆనవాయితీ. నాకు తెలియక కాదు. గొప్ప కోసం ఆ పనీ ఆయనే చేస్తాడనుకున్నాను. పీపా ముందు నిలబడ్డాడు కూడా. అంతలో, జీవితంలో మొదటిసారి, పక్కకి తప్పుకున్నాడు.

"నా కోడలే పట్టాలి," అన్నాడు.

నేను లేచాను. నోరు తెరిచేలోపే రాద్కా కుళాయిని పీపాలోకి గుద్దేసింది. కుళాయి ఎగిరొచ్చి పిల్ల మూతికి తగిలింది. నురగ నిలువెత్తు లేచి గౌనంతా ముంచెత్తింది. పెదవి చిట్లి నెత్తురు కారింది.

ఓల్ద్రిఖ్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "నాదే తప్పు తల్లీ! మీ అమ్మ చెబుతూనే ఉంది, నేనే వినలేదు," అని అందరి ముందూ ఏడ్చాడు. ఇరవై ఏళ్ళుగా నేను వినాలనుకున్న మాట అదే.

రాద్కాని వంటింట్లోకి తీసుకొచ్చాను. తువ్వాలు కోసం అదే అలమార తెరిచింది. జాడీ బయటికి తీసి, కాగితం మీద నా రాత చదివింది. 'పీపాల్లోది. మంగళవారం, రెండున్నర.'

"మంగళవారమే తెలుసా నీకు?"

"వాడు మీ తాతని పట్టుకుని అంత మాటన్నాడే..."

"నాకు చెప్పొచ్చుగా అమ్మా."

అది జాడీ పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూశాను. జాడీని ఓల్ద్రిఖ్ ముందు పెట్టి, ఆయన పక్కనే కూర్చుంది. ఆయన కాగితం చదివి నా కిటికీ వైపు చూశాడు. నవ్వలేదు. కోటు విప్పి రాద్కా భుజాల చుట్టూ కప్పాడు.

"ఏడవకండి మామయ్యా," అంది నా కూతురు. "తప్పు మీ ఒక్కరిదే కాదు."