ఫొటోల్లో ఊదారంగు చార

త్రినాథరావు మెట్లెక్కి వచ్చేసరికి సూర్యావతి చేతిగడియారాలు తుడిచి అద్దాల బీరువాలో సర్దుతోంది. ఆయన దామంజోడిలో అల్యూమినా ఫ్యాక్టరీ టెక్నీషియను. రాయగడ వచ్చినప్పుడల్లా స్టేషను రోడ్డులోని సూర్యావతి వాళ్ల దుకాణంలో కాసేపు కూర్చుని, టీ తాగి, కూతురు ధరణి కబుర్లు చెప్పి వెళ్లే మనిషి. ఆ రోజు కుర్చీ చూపించినా కూర్చోలేదు. సంచిలోంచి ఇక్కడే కొన్న డిజిటల్ కెమెరా తీసి బల్ల మీద పెట్టాడు. పక్కనే ఫొటోల కవరు పెట్టాడు.

అవి ధరణి నిశ్చితార్థం ఫొటోలు. సూర్యావతి భర్త పేరు పెద్దబ్బాయి. అతను ఒక్కొక్కటే తీసి చూస్తుంటే, ఆమె అతని భుజం మీదుగా తొంగి చూసింది. మొదట్లోవి చక్కగా ఉన్నాయి. షామియానా కింద పెద్దలు, తాంబూలం పళ్లేలు, పట్టుపంచెలో పెళ్లికొడుకు వంశీ. తర్వాత ధరణి వచ్చి అతనికి ఎడమ పక్కన కూర్చుంది. అక్కణ్ణుంచి ప్రతి ఫొటోలోనూ పై నుంచి కిందికి ఒక ఊదారంగు చార. గుడ్డపేలిక వేలాడదీసినట్టు సరిగ్గా పిల్ల ముఖం మీదుగా, మెడ మీదుగా దిగింది. పక్కనున్న వంశీ ముఖానికి మరకైనా లేదు.

ఆ రోజు ఫొటోలు తీసింది త్రినాథరావు బావమరిది. చిన్న తెర మీద ఎండలో ఏమీ కనబడక, తీసినవన్నీ రాయగడ స్టూడియోలో అచ్చుకిచ్చి, ఒక కట్ట తిన్నగా వియ్యాలవారింటికి పంపేశాడు. అవి చేరిన వారంలోనే వంశీ తండ్రి గుండె నొప్పితో పడిపోయాడు. విశాఖపట్నం తీసుకెళ్తే ప్రాణం దక్కింది. కాని వంశీ తల్లి కృష్ణవేణమ్మ ఆ ఫొటోలు ముందేసుకుని, పిల్ల పీట మీద కూర్చున్నప్పటి నుంచే గీత పడిందని పట్టుకుంది. పెళ్లి మాట ఇక ఎత్తవద్దని కబురు పెట్టింది.

ఇదంతా త్రినాథరావు గొంతు పెంచకుండా చెప్పాడు. ఇంటి దగ్గర సాయంత్రం పూట మళ్లీ తీసి చూశాడట. ఏ చారా లేదట. అందుకే తన భార్య సుమతికి కూడా భయం పట్టుకుందని, పిల్ల అన్నం సరిగా తినడం లేదని చెప్పాడు.

పెద్దబ్బాయి కెమెరా అందుకుని ఫ్యానుని తీశాడు, గోడని తీశాడు, రోడ్డు మీద రిక్షాని తీశాడు. అన్నీ శుభ్రంగా వచ్చాయి. తెర ఆయన వైపు తిప్పి చూపించాడు.

"సూసేరా, దీనికేటీ లేదు. ఆ రోజు ఎండ అలగ పడుంటాది."

త్రినాథరావు తెర వంక చూడలేదు. "పెద్దబ్బాయి గారూ, నాకు కెమెరా మార్చొద్దు, ఏటీ ఇవ్వొద్దు. దీన్లో లోపం ఉందని ఒక్క మాట సెప్పండి. ఆ మాట పట్టుకుని ఆళ్లింటికెళ్తాను."

సూర్యావతి చేతిలో గడియారం అలాగే ఉండిపోయింది. భర్త కెమెరాని త్రినాథరావు వైపు జరిపాడు.

"లేని లోపం ఉందని ఎలా సెప్పమంటారు?"

త్రినాథరావు ఫొటోలు కవర్లో పెట్టుకుని, కెమెరా సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. మెట్లు దిగేటప్పుడు సూర్యావతి వైపు ఒకసారి చూశాడు. ఆమె తల దించుకుంది.

లోపం ఉందని ఇద్దరికీ తెలుసు. ఆ సంవత్సరమే కొత్తగా వచ్చిన మోడలది. రీళ్ల కాలం అయిపోయిందని, అవి తెప్పిద్దామని పట్టుబట్టింది సూర్యావతే. చూస్తుండగానే అమ్ముడుపోయాయి. ఎండలు ముదిరాక మొదట లాడ్జి సత్తిబాబు వచ్చాడు. ఎక్కువసేపు వాడితే ఫొటోకి కుడివైపు ఊదా చార వస్తోందని, దుకాణం నిండా బేరాలుండగా బల్ల గుద్ది గొడవ చేశాడు. కొండ ప్రాంతపు తేమ వల్ల అని పెద్దబ్బాయి అతన్ని పంపేశాడు. బ్యూటీ పార్లరు బుల్లి గొడవ పెట్టుకోలేదు. పెళ్లికూతుళ్లని ముస్తాబు చేసి ఫొటోలు తీసే ఆమెకి కెమెరాతో రోజూ పనే. వాడే ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెడితే బాగా పని చేస్తోందని నవ్వుతూ చెప్పి పోయింది. విశాఖపట్నం హోల్‌సేలు వ్యాపారికి ఫోను చేస్తే, అన్ని ఊళ్ల నుంచీ ఇదే ఫిర్యాదని, కంపెనీ నోరు విప్పేదాకా మీరూ విప్పవద్దని చెప్పాడు.

మధ్యాహ్నం తలుపు దగ్గరకి వేశాక ఆమె ఉండబట్టలేకపోయింది. ఆ పిల్లకి లేని దోషం అంటగట్టారు, ఒక్క మాట చెబితే మనదేం పోయిందని అడిగింది.

"ఆ మాట మన నోటమ్మట వొస్తే కొన్నోళ్లందరూ రేపు గుమ్మం కాడుంటారు. దుకాణానికి తాళం ఎయ్యాలి," అన్నాడు పెద్దబ్బాయి.

"పిల్ల పెళ్లి ఆగిపోతందండీ."

"మనం ఆపేవేటి? ఆవిడ ఆపింది. నువ్వు మాత్రం నోరెత్తకు."

అతను చెడ్డవాడు కాదు. తండ్రి బొబ్బిలి నుంచి వచ్చి తోపుడు బండితో మొదలుపెట్టిన వ్యాపారం పోతుందేమోనని ఒణికిపోతున్నాడు. అది తెలిసీ ఆమెకు ముద్ద దిగలేదు. తల దించుకున్నప్పుడు త్రినాథరావు చెప్పుల చప్పుడు మెట్ల మీద ఎలా ఆగి మళ్లీ కదిలిందో అదే చెవుల్లో ఉంది.

మర్నాడు కూరలకని చెప్పి బయటికి వచ్చి నేరుగా సత్తిబాబు లాడ్జికి వెళ్లింది. లోపం మొదటి నుంచీ ఉందని, తమకి తెలిసే అబద్ధం చెప్పామని అతని ఎదురుగా నిలబడి చెప్పింది. సత్తిబాబు ముఖం ఎర్రబడింది. ఇన్నాళ్లూ తనని పిచ్చివాణ్ణి చేశారని నోటికి వచ్చినట్టు తిట్టాడు. ఆమె తిట్లన్నీ అయ్యేదాకా నిలబడింది. తర్వాత ధరణి సంగతి చెప్పింది. అది విని అతను కెమెరా ఎక్కడ పెట్టానో అంటూ లోపలికి వెళ్లాడు. బుల్లి అయితే కబురు అందగానే పార్లరు మూసి వచ్చేసింది. సూర్యావతి లాడ్జి ఫోను నుంచే దామంజోడిలో త్రినాథరావుకి కబురు చేసి, రేపు కెమెరా తీసుకుని కృష్ణవేణమ్మ గారింటికే రమ్మంది.

కృష్ణవేణమ్మది రాయగడలోనే చింతపండు హోల్‌సేలు వ్యాపారం. ముందు గోదాము, వెనక ఇల్లు. పులుపు వాసన నడవా అంతా ఉంటుంది. మర్నాడు వీళ్లు వెళ్లేసరికి త్రినాథరావు అప్పటికే వచ్చి గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. ఆయన వెనక ధరణి ఉంది. పిల్ల వస్తుందని సూర్యావతి అనుకోలేదు.

కృష్ణవేణమ్మ అందర్నీ కూర్చోమంది గాని ధరణి వైపు చూడలేదు. వంశీ తలుపు పక్కన నిలబడ్డాడు. లోపలి గదిలో మంచం మీద అతని తండ్రి దగ్గు వినబడుతోంది. సూర్యావతి కూర్చోలేదు. నిలబడే చెప్పేసింది.

"పిన్నీ, ఆ గీత పిల్లది కాదు. మేం అమ్మిన కెమెరాది. వేడెక్కితే అన్నిట్లోనూ అదే వస్తంది. తెలిసీ మేం సెప్పలేదు."

"ఏదీ, సూపించు," అంది కృష్ణవేణమ్మ.

మూడు కెమెరాలూ బయటికి వచ్చాయి. సత్తిబాబు గోడని తీశాడు. శుభ్రంగా వచ్చింది. బుల్లి గోదాము బస్తాల్ని తీసింది. శుభ్రంగా వచ్చింది. త్రినాథరావు నడవాని తీశాడు. అదీ అంతే. కృష్ణవేణమ్మ తెరలు మూడూ చూసి నిట్టూర్చింది.

"అమ్మీ, నీ మంచితనం నాకు తెలుసు. పెళ్లి నిలబెట్టాలని అబద్ధవాడితే ఎలా?"

సూర్యావతి ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆ రోజు షామియానా కింద ఎంత వేడి ఉందో, ఎంతసేపు ఆపకుండా తీశారో అలాగే తీయనివ్వమని బతిమాలింది. ముగ్గురూ ఎండ పడుతున్న వాకిట్లోకి వెళ్లి ఆపకుండా తీయడం మొదలుపెట్టారు. టీలు వచ్చాయి. ఎవరూ ముట్టుకోలేదు. గోదాములో పని చేసేవాళ్లు బస్తాలు దించడం మానేసి చూస్తున్నారు. తీసిన ప్రతి ఫొటోకీ సూర్యావతి కొంగు నీడ పట్టి తెర మీదికి వంగుతోంది. ఏమీ లేదు. మళ్లీ ఏమీ లేదు. దీనికేమీ లేదన్న భర్త మాటే నిజమైతే ఎలా అని కూడా ఆమెకి అనిపించింది. ఇంతమందిని ఇక్కడికి ఈడ్చుకొచ్చి, ఆ పిల్లని మరోసారి నలుగురి ముందూ నిలబెట్టింది.

"ఇదుగో," అన్నాడు సత్తిబాబు. అతని ఫొటోలో ప్రహరీ గోడ మీద కుడివైపు ఊదా చార దిగింది. కాసేపటికి బుల్లి కెమెరాలోనూ వచ్చింది.

కృష్ణవేణమ్మ లేచి దగ్గరగా చూసింది. ఒప్పుకోలేదు. "అవి ఈళ్లవి. నాకు ఆ రోజు తీసింది కావాలి," అంది. త్రినాథరావు కెమెరా మాత్రం ఇంకా శుభ్రంగానే తీస్తోంది. ఆవిడ కుర్చీ ఈడ్చుకుని వాకిట్లో వేసుకుని కూర్చుంది. పక్కన కొడుకుని నిలబడమంది.

"నన్ను తియ్యి. ఆ పిల్ల కూకున్న పక్కనే కూకుంతాను."

త్రినాథరావు తీశాడు. మళ్లీ తీశాడు. నుదుటి చెమట కళ్లలోకి కారుతుంటే జబ్బతో తుడుచుకుని ఇంకా తీశాడు. ఒకచోట ఆయన చెయ్యి ఆగిపోయింది. కెమెరా సూర్యావతికి అందించాడు. ఆమె చూసి వంశీకి ఇచ్చింది. వంశీ తల్లి ముందుకు వంగి తెర చూపించాడు.

కొడుకు ముఖం నిర్మలంగా ఉంది. కృష్ణవేణమ్మ బొట్టు మీదుగా, ముక్కు మీదుగా, మెడలోని పుస్తెల మీదుగా ఊదా చార నిలువుగా దిగింది.

ఆవిడ చాలాసేపు చూసింది. చేత్తో ఒకసారి తన ముఖం తడుముకుంది.

"మరి ఈయనకి ఆ వారంలోనే గుండె నొప్పి ఎందుకొచ్చినాది?" అంది నెమ్మదిగా. తర్వాత ఆవిడే కుర్చీ లోంచి లేచి, టీలు చల్లారిపోయాయని, మళ్లీ పెట్టిస్తానని, శ్రావణంలో మంచి ముహూర్తం ఉందేమో పంతులుని అడగమని త్రినాథరావుతో అంది. ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. సూర్యావతి అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

ధరణి గుమ్మం దగ్గర నుంచి కదిలి వచ్చింది. తండ్రిని దాటి వంశీ ఎదురుగా నిలబడింది.

"గీత నా మీద పడ్డాదని మీ అమ్మగారన్నప్పుడు మీరేటన్నారు?"

వంశీ తడబడ్డాడు. నాన్నకి అలా ఉన్నప్పుడు అమ్మకి ఎదురు చెప్పడం ఎలా అన్నాడు. తనకైతే అలాంటి నమ్మకాలు లేవన్నాడు.

"కెమెరా బాగున్నదే అయ్యుంటే? మీ నాన్నగారికి అలగే అయ్యుంటే?"

అతను నేల చూశాడు. ధరణి కాస్త ఆగింది. అతను ఏదైనా అంటాడని నిజంగానే చూసినట్టు సూర్యావతికి తోచింది. అతను తల్లి వైపు చూశాడు. ధరణి కృష్ణవేణమ్మ వైపు తిరిగి దణ్ణం పెట్టింది.

"నాను ఈ పెళ్లి సేసుకోనండి," అంది. తండ్రి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

స్టేషను దాకా సూర్యావతి వాళ్ల వెనకే వెళ్లింది. పెళ్లి నిలబెడదామని వచ్చి చెడగొట్టానా అని లోపల ఒకటే పీకులాట. ప్లాట్‌ఫారం మీద ధరణి మంచినీళ్లకి వెళ్లినప్పుడు ఆ మాటే త్రినాథరావుతో అంది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వు రాకపోతే నా పిల్ల దోషం మోసుకుని ఇంట్లో కూకునేదమ్మా. ఇప్పుడు తనే వద్దనుకుని వస్తంది. సుమతికి ఎలా సెప్పాలో నాను సూసుకుంతాను."

ఆమె దుకాణానికి చేరేలోపే కబురు పెద్దబ్బాయికి చేరిపోయింది. అతను ఏమీ అడగలేదు. అసలు మాట్లాడడమే మానేశాడు. అతను అన్నంతా అయింది. కెమెరా కొన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు రావడం మొదలుపెట్టారు. కొరాపుట్ నుంచి ఒకాయన మనవడి అన్నప్రాశన ఫొటోలన్నీ పోయాయని బాధగా చెప్పి వెళ్లాడు. ఒకావిడ కెమెరా ఇవ్వనే ఇవ్వనంది. పొద్దున్నపూట బాగానే తీస్తోందట. మిగిలినవాళ్లు తిట్టారు. సూర్యావతి బల్ల దగ్గర నిలబడి, వచ్చిన కెమెరాలు తీసుకుని, కంపెనీ మార్చినా మార్చకపోయినా తాము మారుస్తామని అందరికీ ఒకే మాట చెప్పింది. పెద్దబ్బాయి లోపలి గదిలో స్టూలు మీద కూర్చుని వింటూ ఉండేవాడు.

కాశీపూర్ నుంచి లక్ష్మణుడనే కాంట్రాక్టరు వచ్చాడు. ఆరుబయట తీసిన పని ఫొటోలన్నీ పాడైపోయి ఆఫీసులో మాట పడ్డాడు. వస్తూనే అరిచాడు. ఆడమనిషిని బల్ల దగ్గర పెట్టి దొంగ వ్యాపారం చేస్తున్నారని, ముఖం చూస్తేనే తెలుస్తోందని సూర్యావతి మీదకి వేలు చూపించాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు.

లోపల స్టూలు జరిగిన చప్పుడైంది. పెద్దబ్బాయి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఆవిడ్ని అనకండి బాబూ. అబద్ధం సెప్పింది నాను. ఆవిడ నిజం సెప్పిందనే ఇంతమంది ఇక్కడికొస్తన్నారు. నన్ననండి."

లక్ష్మణుడు చూపిస్తున్న వేలు మెల్లగా దించాడు. పెద్దబ్బాయి అతని చేతిలోంచి కెమెరా తీసుకుని, వెనకున్న అట్టపెట్టెలో మిగతా వాటితో పాటు పెట్టాడు. ఆ పెట్టె తీసుకుని విశాఖపట్నం వెళ్తానని, హోల్‌సేలు వ్యాపారి బల్ల మీదే పెడతానని, జవాబు చెప్పేదాకా అక్కణ్ణుంచి లేవనని అన్నాడు. ఆ మాట లక్ష్మణుడితో అన్నాడో, భార్యతో అన్నాడో తెలియలేదు.

సూర్యావతి కుర్చీ ముందుకు జరిపి లక్ష్మణుణ్ణి కూర్చోమంది. ఎదురుగా ఉన్న టీ బడికేసి చెయ్యి ఊపింది.